బిడ్డ చేతికి తగిన పనిముట్టు



పదవ తరగతి ఫలితములు వచ్చి, బడులు కళాశాలలు తిరిగి తెరచు కాలమున మేము గృహదర్శనమునకు పోయిన యిండ్లలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. "అయ్యగారూ, మా పిల్లోనికి ల్యాప్‌టాప్ కావాలంట. ఏది కొనేది?" ఒకప్పుడిది పట్టణవాసుల ప్రశ్న. ఇప్పుడు కొత్తచెరువు చుట్టుపట్ల పల్లెలలోను, పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతములలోని మన సంఘములన్నిటిలోను అడుగబడుచున్నది. అడిగినవారికి ఒక కంపెనీ పేరు చెప్పి పంపివేయుట సులభమే. అయితే ఈ ప్రశ్న లోపల మరికొన్ని ప్రశ్నలు దాగియున్నవి. ఇంటిలోని కొద్దిపాటి సొమ్ములో ఒక బిడ్డకు ఎంత భాగము ఇయ్యవచ్చును? చదువుకొరకు అడిగినది న్యాయమై, బొమ్మలు గీయుటకు అడిగినది విలాసమగునా? అప్పు చేసి కొనుట తగునా? కుమారునికి కొనినప్పుడు కుమార్తె మాటేమి? ఇవి అంగడివాడు తీర్చు ప్రశ్నలు కావు. కావున ఈ మాసము వీటిని గూర్చి మీతో కలిసి ఆలోచింప గోరుచున్నాము.

ఒక కుటుంబమును మన ఎదుట నుంచుకొందము. ఇది ఏ ఒక్క యింటి సంగతియు కాదు; అనేక గృహములలో కనబడినదానిని కలిపి చెప్పుచున్నాము. తండ్రికి నాలుగెకరముల మెట్ట చేను కలదు. వాన వచ్చిన శనక్కాయలు, రానియెడల అప్పు. తల్లి పొదుపు సంఘములో సభ్యురాలు. కుమారుడు ఇంటర్మీడియేటులో చేరినాడు. కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ధర్మవరములో మగ్గము నేయు మేనమామ యింటికి సెలవులలో పోయి వచ్చినప్పటినుండి ఆ పిల్ల నోటుపుస్తకముల చివరి పుటలనిండ చీర అంచులు, కొంగులు గీయుచున్నది. కుమారుడు తన స్నేహితుని యింట చూచిన పెద్ద ఆటల ల్యాప్‌టాప్ కావలెనని పట్టుపట్టినాడు. కుమార్తె ఏమియు అడుగలేదు. ఇంటిలో ఒక యంత్రమునకు మాత్రమే డబ్బు కలదు, అదియు కష్టముమీద. ఈ తలిదండ్రులు ఏమి చేయవలెను?

మన రైతులు పనిముట్టు కొనుట ఎరుగనివారు కారు. సంతలో ఎద్దును కొనబోవువాడు దాని రంగు చూచి మురిసిపోడు. నోరు తెరిపించి పండ్లు చూచును. గిట్టలు చూచును. నాలుగడుగులు నడిపించును. వీలైన కాడి కట్టి చూచును. ఇంతకంటె ముందు ఇంటివద్దనే ఒక సంగతి తేల్చుకొని బయలుదేరును: నా చేను ఎర్రనేలా నల్లరేగడా, దున్నవలసినది ఎంత, మేపుటకు ఇంటిలో మేత యెంత? పని తెలిసిన తరువాతనే పశువును వెదకును. ఇంత వివేకముగల మనుష్యుడే ల్యాప్‌టాప్ అంగడిలో అడుగుపెట్టగానే మూతి కట్టిన కోడెవలె నిలువబడి, అమ్మువాడు చెప్పినదానికి తల ఊపుచున్నాడు. యంత్రము కొత్తది గాని, కొనుటలోని జ్ఞానము పాతదే.

మన రాష్ట్రములో ఈ ప్రశ్న ప్రభుత్వపు స్థాయిలో కూడ ఒకసారి తల్లులముందు ఉంచబడెను. 2021 జనవరిలో అమ్మఒడి పథకమును గూర్చి ప్రకటించుచు, 9వ తరగతి మొదలు 12వ తరగతి వరకు చదువు పిల్లల తల్లులు నగదుకు మారుగా ల్యాప్‌టాప్ కోరుకొనవచ్చునని చెప్పిరి. అప్పుడు పేర్కొనిన యంత్రము 4 జి.బి. ర్యామ్, 500 జి.బి. హార్డ్ డిస్కు, 14 అంగుళముల తెర, విండోస్ 10 గలది. తరువాత 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు పంచినవి ల్యాప్‌టాప్‌లు కాక ట్యాబులు. ఇప్పటి తల్లికి వందనము పథకము 2025 జూన్‌లో మొదలైనది. 15,000 రూపాయలలో పాఠశాల నిర్వహణకు 2,000 పోగా 13,000 తల్లి ఖాతాలో పడుచున్నది. ఏ ప్రభుత్వమును పొగడుటకో తెగడుటకో మేము దీనిని ఎత్తలేదు. డబ్బా, పనిముట్టా అని అడిగినప్పుడు అనేకమంది తల్లులు ఏది మేలో తేల్చుకొనలేకపోయిరి. దానికి కారణము వారి తెలివితక్కువ కాదు. ఆ యంత్రముతో మీ బిడ్డ ఏమి చేయునని వారిని ఎవరును అడుగలేదు. ఆ మాట తెలియనిదే మిగిలిన లెక్క తేలదు.

సమూయేలు మొదటి గ్రంథములో దావీదు గొల్యాతును ఎదుర్కొనుటకు పోవు దినమున సౌలు తన సొంత యుద్ధవస్త్రములను అతనికి తొడిగించెను. రాజు ఇచ్చినవి, ఇశ్రాయేలులో వాటికంటె శ్రేష్ఠమైనవి ఉండకపోవచ్చును. దావీదు వాటిని వేసికొని నడచి చూచి, తనకు అలవాటులేనందున తీసివేసెను. తన చేతికి పరిచయమైన కర్రను, వడిసెలను, ఏటిలోని అయిదు రాళ్లను తీసికొనెను. ఈ వృత్తాంతమును విశ్వాసమును గూర్చి చెప్పుట మన వాడుక, అది సరియే. అయితే పనిముట్టును గూర్చి కూడ ఇది నేర్పుచున్నది. సౌలు చెడ్డ మనస్సుతో ఇయ్యలేదు. ప్రేమతోనే ఇచ్చెను గాని తన కొలతకు కుట్టిన దానిని ఇచ్చెను. తలిదండ్రులు ఇచ్చు అనేక ఖరీదైన కానుకలు ఇట్టివే. పొరుగింటి ఇంజనీరింగు విద్యార్థి కొలతకు, లేదా మన గౌరవపు కొలతకు కుట్టినదానిని బిడ్డకు తొడిగించి, నడవలేదని బిడ్డను గద్దించుచున్నాము.

కావున మొదట పని చూడవలెను. బడి పని యేమి? పాఠములు చదువుట, వీడియోలు చూచుట, వ్యాసము వ్రాయుట, లెక్కల పట్టికలు చేయుట, ప్రాజెక్టు తయారుచేసి చూపుట, కంప్యూటరు విషయము తీసికొనినవారు ప్రోగ్రాములు వ్రాయుట. వీటిలో చదువుట, చూచుట అను రెంటికి చేతిలోని సెల్‌ఫోను లేక బడిలో ఇచ్చిన ట్యాబు చాలును. దీక్షా వేదికలోని పాఠములు ఫోనులో కూడ వచ్చును. వ్రాయుట, చేయుట అనువాటికి మీటల పలక కావలెను. నాలుగు పుటల వ్యాసమును ఫోనుమీద బొటనవ్రేలితో వ్రాయుట, సూదితో బావి త్రవ్వినట్లుండును. బిడ్డకు ప్రస్తుతము చూచుట మాత్రమే పనియైతే ఇప్పుడే కొననక్కరలేదు. ఒక సంవత్సరము ఆగుట పాపము కాదు, అవమానమును కాదు. వ్రాయు పని, చేయు పని మొదలైనప్పుడు కొనుడి.

అంగడిలో వినబడు మాటలకు భయపడకుడి. ర్యామ్ అనునది పని చేసికొను బల్లవంటిది. బల్ల పెద్దదైన కొలది ఒకేసారి ఎక్కువ వస్తువులు పరచుకొని పనిచేయవచ్చును. డిస్కు గాదెవంటిది, అక్కడ గింజలు నిలువయుండును. ప్రాసెసరు పనిచేయు మనిషి. పాతకాలపు తిరుగు హార్డ్ డిస్కు గల యంత్రము తెరచుకొనుటకే ఎంతో సేపు పట్టును, ఎస్.ఎస్.డి. అను డిస్కు గలది వెంటనే లేచును. నేడు బడి పనికి 8 జి.బి. ర్యామ్, 256 జి.బి. లేక 512 జి.బి. ఎస్.ఎస్.డి. గల సామాన్యమైన యంత్రము చాలును. పైన చెప్పిన 2021 నాటి 4 జి.బి. యంత్రము ఇప్పుడు కొనదగినది కాదు. మీటలు గట్టిగా ఉన్నవా, తెరమీద అక్షరములు కండ్లకు నొప్పి కలిగింపక కనబడుచున్నవా, కరెంటు పోయినప్పుడు ఎన్ని గంటలు నిలుచును, సంచిలో వేసికొని బస్సులో పోవునంత తేలికగా ఉన్నదా అను నాలుగు సంగతులు మన పల్లెపిల్లలకు మిక్కిలి ముఖ్యమైనవి. మెరయు మూతయు, రంగురంగుల దీపముల మీటలును వీటి తరువాత చూడవచ్చును.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వత్తము. "చదువుకైతే కొంటాము గాని, బొమ్మలు గీసేదానికి ఎందుకు?" అని తండ్రి అనును. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. వాన లేని సీమలో పుట్టి, ఒక్కొక్క రూపాయిని లెక్కపెట్టి బ్రదికినవాడు అనిన మాట యిది. ఉద్యోగము వచ్చు చదువుకు పెట్టినది విత్తనము, ఆటపాటలకు పెట్టినది పొట్టు అని అతని అనుభవము. అయినను లేఖనములో మందిరపు పని జరిగిన విధమును చూడుడి. నిర్గమకాండములో యూదా గోత్రికుడైన బెసలేలును దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపెనని చెప్పబడినది. ఏ పనికొరకు? బంగారు వెండి ఇత్తడి పనులకు, రత్నములు చెక్కుటకు, కర్రపనికి, నమూనాలు కల్పించుటకు. అతనితోను దాను గోత్రికుడైన అహోలీయాబుతోను బుటాపనివారును నేతగాండ్రును లెక్కింపబడిరి. మోషే ధర్మశాస్త్రమును అందుకొనిన ఆ పర్వతము దగ్గరనే ఈ చేతిపనివారి పిలుపును వినబడెను. నమూనా కల్పించు బుద్ధి దేవుని వరమైనప్పుడు, అది మన యింటిలోని తొమ్మిదవ తరగతి పిల్ల నోటుపుస్తకపు చివరి పుటలో కనబడిన దినమున దానిని పొట్టు అని యెట్లు అనగలము?

పైగా ఆ తండ్రి ఎరుగని సంగతి మరియొకటి కలదు. కంప్యూటరు వంశవృక్షములో మగ్గమునకు గొప్ప స్థానమున్నది. ధర్మవరపు మగ్గముల పైభాగమున జాకార్డు పెట్టెయు, దానికి గొలుసువలె వ్రేలాడు రంధ్రముల అట్టలును మనలో అనేకులు చూచినవారే. ఫ్రాన్సు దేశములోని లియోన్ పట్టణస్థుడైన జోసెఫ్ మారీ జాకార్డు 1804లో ఆ ఏర్పాటును సిద్ధపరచెను. అట్టలో రంధ్రమున్నచోట సూది లోపలికి పోవును, దానికి సంబంధించిన పడుగుపోగు పైకి లేచును. రంధ్రము లేనిచోట ఆ పోగు లేవదు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేట నేతను నిర్ణయించును. ఉన్నది, లేదు అను రెండు మాటలతోనే పువ్వులు, నెమళ్లు, అంచులు పుట్టుచున్నవి. ఆ జాకార్డు చిత్రపటమునే దాదాపు 24,000 అట్టలతో పట్టుమీద నేసిరి. ఇంగ్లాండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణనయంత్రమునకు 1836లో ఆ అట్టలనే ఎన్నుకొనెను. ఆ యంత్రము పూర్తికాలేదు గాని, 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలెరిత్ రంధ్రముల కార్డులతోనే లెక్కించెను. ఆ దారిని వచ్చినదే నేటి కంప్యూటరు. ఉన్నది, లేదు అను ఆ రెండు మాటలే నేటికిని దాని లోపల నడచుచున్నవి.

ఇప్పుడు ఆ వరుస తిరిగి మన ఊరికే వచ్చినది. ధర్మవరములో పూర్వము గళ్ల కాగితముమీద చేతితో చుక్కలు నింపి గీసిన అంచులను, కొంగులను నేడు కంప్యూటరులో గీసి అట్టలు కొట్టించుచున్నారు. లేపాక్షి గుడి పైకప్పులో 16వ శతాబ్దపు చిత్రకారులు వ్రాసిన మనుష్యుల వస్త్రముల అంచులను చూచి నేటి చీరలకు నమూనాలు తీయువారు కలరు. కావున ఆ పిల్ల గీతలు చదువునకు శత్రువులు కావు, మేనమామ వృత్తికి దూరమును కావు. రెంటిని కలుపు వంతెన ఆ పిల్ల చేతిలో ఉండవచ్చును. దానివలన ఉద్యోగము వచ్చి తీరునని మేము చెప్పుట లేదు. అట్టి వాగ్దానము చేయుటకు మేమెవరము? డబ్బు రాకపోయినను, ఒక బిడ్డ తనలో ఉన్న వరమును గుర్తెరిగి దానిని శ్రద్ధగా సాధనచేయుట మేలైన సంగతియే.

బిడ్డ ఆసక్తిని బట్టి యంత్రము కొంత మారును. ప్రోగ్రాములు వ్రాయుటకు, తెలుగులో కథలు పద్యములు వ్రాయుటకు పైన చెప్పిన సామాన్యమైన యంత్రమే చాలును. పాటలు రికార్డు చేయుటకు, గుడిలో కీబోర్డు వాయించు కుర్రవాడు తన స్వరములు కూర్చుకొనుటకు కూడ అదే చాలును; ఒక మంచి హెడ్‌ఫోను మాత్రము కావలెను. బొమ్మలు గీయువారికి తెర ముఖ్యము. రంగులు ప్రక్కనుండి చూచినను మారనట్టి ఐ.పి.ఎస్. తెర ఉండవలెను. తెరమీదనే గీయు ఖరీదైన యంత్రమునకు బదులు, మామూలు ల్యాప్‌టాప్‌కు తగిలించుకొను గీత పలకయు కలమును విడిగా కొనిన ఖర్చు తగ్గును. వీడియోలు కత్తిరించి కూర్చువారికి మాత్రము 16 జి.బి. ర్యామ్, మరింత బలమైన ప్రాసెసరు మేలు. ఆటల కొరకు చేసిన బరువైన ల్యాప్‌టాప్ ఈ పనులు చేయగలదు గాని, బ్యాటరీ త్వరగా అయిపోవును, ధర హెచ్చు, మోయుట కష్టము. దానిని కోరు కుర్రవానిని గద్దింపక, "నాయనా, దీనితో నీవు చేయు పని ఏదో చూపుము" అని నెమ్మదిగా అడుగుడి. చూపగలిగిన ఆలోచింపవచ్చును.

మరియొక మాట. బొమ్మలు గీయుటకు క్రీటా, ఇంక్‌స్కేప్, ఛాయాచిత్రములు దిద్దుటకు గింప్, శబ్దమునకు ఆడాసిటీ, సంగీత స్వరములకు మ్యూజ్‌స్కోర్, వ్యాసములకు లెక్కలకు లిబ్రెఆఫీసు అను సాధనములు ఉచితముగా లభించును. ఒకే నమూనా మరల మరల వచ్చునట్లు గీయు వీలు క్రీటాలో కలదు. చీర అంచు గీయువారికి అది మిక్కిలి అనుకూలము. లినక్స్ అను వ్యవస్థయు ఉచితమే. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడిరి. ఇవి ఉండగా దొంగ నకలు సాఫ్ట్‌వేరు వేయించుకొనుట విశ్వాసుల యింటికి తగదు. అంగడివాడు ఊరికే వేసి ఇచ్చినను అది ఒకరి కష్టార్జితము. పిల్లవాని మొదటి పనిముట్టును దొంగసొత్తుతో మొదలుపెట్టకుందము. తెలుగు వ్రాయుట కూడ మొదటినుండి యూనికోడులోనే నేర్పుడి. అచ్చు అంగళ్లలోని అను ఫాంట్లలో కొట్టినది, ఆ ఫాంటు లేనిచోట చదువ శక్యము కాదు.

కొత్తది కొనలేనివారు వాడిన యంత్రమును కొనవచ్చునా? కొనవచ్చును. బెంగళూరు ఎస్.పి. రోడ్డులోను, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోను, కార్యాలయములలో వాడి మార్చిన యంత్రములు అమ్ముదురు. వాటిలో గట్టివి కలవు. అయితే ఎద్దు పండ్లు చూచినట్లు వీటి వయస్సు చూడవలెను. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ మామూలు సహాయమును 2025 అక్టోబరు 14తో ముగించినది. విండోస్ 11కు ఇంటెల్ 8వ తరము ప్రాసెసరుగాని అంతకంటె కొత్తదిగాని కావలెను. చౌకగా వచ్చినదని 6వ తరము యంత్రము కొనినవారు త్వరలోనే చిక్కులో పడుదురు. లేదా లినక్స్ వేసికొనవలసి వచ్చును. అంగడిలోనే యంత్రమును తెరచి అరగంట నడిపించుడి. ప్రతి మీటను నొక్కి చూడుడి. ఛార్జరు తీసివేసి బ్యాటరీ యెంత నిలుచునో గమనించుడి. కెమెరా, శబ్దము, వైఫై పరీక్షించుడి. బిల్లు, వారంటీ కాగితము లేనిదే డబ్బు ఇయ్యకుడి. చెడిపోయిన బాగుచేయువారు ధర్మవరములోగాని హిందూపురములోగాని ఉన్నారా అని ముందే విచారించుడి. మీకు తెలియనియెడల కంప్యూటరు తెలిసిన సంఘ యౌవనస్థుని ఒకనిని వెంటబెట్టుకొని పొండి. అతని బస్సు ఛార్జీ పెట్టుకొనుట నష్టము కాదు.

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో చెప్పెను. ఇక్కడ లెక్కలోనికి రావలసినది యంత్రపు ధర ఒక్కటే కాదు. సంచి, మౌస్, నెట్ రీఛార్జి, మూడు నాలుగేండ్లకు క్షీణించు బ్యాటరీ, అనుకొనని రిపేరు, ఇవన్నియు దానితో కూడ ఇంటికి వచ్చును. చేతిలో ఉన్న సొమ్మంతయు యంత్రమునకే పెట్టువాడు మొదటి రిపేరుకు దానిని మూలను పడవేయును. పదింట ఒక పాలైనను ఇట్టి ఖర్చులకు వేరుగా ఉంచుకొనుట మంచిది.

అప్పు మాటకు వత్తము. రాజుల రెండవ గ్రంథములో ప్రవక్తల శిష్యుడు యొర్దాను ఒడ్డున మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. అతడు మొఱ్ఱపెట్టినది గొడ్డలి పోయినదని మాత్రమే కాదు, అది ఎరవు తెచ్చినదని. పని మంచిది, ఇల్లు కట్టుట మంచిది. అయినను ఎరవు భయము అతని గుండెలో ఉండెను. ఎలీషా దానిని తేల్చి ఇచ్చెను గాని, అద్భుతమును నమ్ముకొని అప్పు చేయుమని ఆ వృత్తాంతము చెప్పుట లేదు. నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి 30,000 తెచ్చినవాడు నెలకు 600, ఏడాదికి 7,200 వడ్డీయే కట్టవలెను. అసలు అట్లే నిలిచియుండును. ఆ యేడు వాన తప్పిన యంత్రము ఇంటిలో ఉండగనే మెడలోని బంగారము తాకట్టుకు పోవును. "చదువుకు అప్పు చేయకపోతే దేనికి చేసేది?" అని అడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. చదువుకొరకు చేయు అప్పు పెండ్లి ఆడంబరమునకు చేయు అప్పువంటిది కాదు. కాని రెండు నియమములు పెట్టుకొనుడి. తీర్చు దారి కండ్లకు కనబడవలెను. పొదుపు సంఘపు బ్యాంకు అప్పువలె వడ్డీ తక్కువై, నెలనెల కట్టగలిగినదై యుండవలెను. రెండవది, బిడ్డకు ఆ లెక్క చెప్పవలెను. పదునాలుగు, పదునేనేండ్ల బిడ్డ ఆ లెక్క వినుటకు చిన్నది కాదు. ఇంటి బరువు తెలిసిన బిడ్డ యంత్రమును జాగ్రత్తగా వాడుకొనును. తెలియని బిడ్డ తండ్రి నవ్వును మాత్రమే చూచును. ఆ నవ్వు వెనుకనున్న వడ్డీని చూడదు. అయితే "నీకోసమే అప్పు చేసినాము" అని ప్రతిదినము ఎత్తిపొడుచుట మాత్రము చేయకుడి. ఒకసారి చెప్పినది జ్ఞానము. నూరుసార్లు చెప్పినది కొరడా.

ఇక ఆ ఏమియు అడుగని కుమార్తెను గూర్చి. మన యిండ్లలో కుమారుడు అడిగి తీసికొనును, కుమార్తె అడుగుట మానుకొని మంచిపిల్ల అనిపించుకొనును. "ఎట్లైనా పెండ్లి చేసి పంపే పిల్ల" అను మాట నోట రాకపోయినను మనస్సులో ఉండును. అడుగనివారికి అవసరము లేదనుకొనుట పెద్దలకు అనుకూలమైన తలంపు, న్యాయమైనది కాదు. మేము చెప్పిన కొలత ప్రకారము చూచిన, ఈ యింటిలో పని ఎవరియొద్ద కనబడుచున్నది? కుమారుని కోరిక ఒక యంత్రమును చూచి పుట్టినది. కుమార్తె గీతలు ఏ యంత్రమును లేకయే నోటుపుస్తకమును నింపినవి. పనిముట్టు లేకుండగనే పని మొదలుపెట్టినవారికి దానిని ఇచ్చుట క్షేమము. అట్లని కుమారుని త్రోసివేయుమని కాదు. ఇంటర్మీడియేటు చదువునకు అతనికిని కావలెను.

కావున ఆ యింటివారికి మా సలహా యిది. ఒకరి పేరున గాక ఇద్దరి కొరకును ఒక సామాన్యమైన యంత్రము కొనుడి: 8 జి.బి. ర్యామ్, ఎస్.ఎస్.డి., మంచి తెర. ఆటల యంత్రమునకు కాగల అధికపు సొమ్ములో కొంతతో గీత పలక కొనుడి. మిగిలినది రిపేరుకు ఉంచుడి, లేదా అప్పు అంతమేరకు తగ్గించుకొనుడి. యంత్రములో ఇద్దరికిని వేర్వేరు ఖాతాలు తెరచుడి. ఎవరికి ఏ వేళ అని కాగితముమీద వ్రాసి గోడకు అంటించుడి. పరీక్షల కాలమున అన్నకు ఎక్కువ వేళయు, సెలవులలో చెల్లెలికి ఎక్కువ వేళయు ఇయ్యవచ్చును. ఇంటిపనియంతయు కుమార్తెమీద పడి, ఆమె వేళ వచ్చునప్పటికి కండ్లు మూతబడునట్లైన ఆ కాగితము అబద్ధమగును. అంట్లు తోముటలో అన్నకును వంతు ఉండవలెను.

యంత్రమువలన పిల్లలు చెడిపోవుదురను భయమును మేము ఎరుగుదుము. ఆ భయము నిరాధారము కాదు. చూడరానివి చూచువారు, రాత్రులు నిద్రలేక పాడైనవారు కలరు. అందుచేత యంత్రము మొదటి సంవత్సరములైనను ఇంటి నడిమి గదిలో, పదిమంది తిరుగుచోట ఉండుట మంచిది. రాత్రి ఒక వేళకు మూత పడవలెను. ఆ నియమము తలిదండ్రుల సెల్‌ఫోనులకును వర్తింపవలెను. తండ్రి మంచములో పండుకొని వీడియోలు చూచుచు బిడ్డను మూయుమనిన ఆ మాటకు బలముండదు. కాపలాకంటె మేలైనది మరియొకటి కలదు. వారమునకు ఒకసారి బిడ్డ ప్రక్కన కూర్చుండి, "ఈ వారము ఏమి చేసినావమ్మా, చూపించు" అని అడుగుడి. మీకు అర్థము కానక్కరలేదు. తాను చేసినదానిని చూడగోరువారు ఇంటిలో ఉన్నారని తెలిసిన బిడ్డ చేయుట మానదు. తప్పు చేయుటకు వేళ దొరకనంతగా మంచిపని ఉండుట, వంద తాళములకంటె మేలు.

ఈ మాసము ల్యాప్‌టాప్ కొనదలచిన కుటుంబముల వారలారా, అంగడికి పోకమునుపు ఒక రాత్రి భోజనమైన తరువాత అందరును చాపమీద కూర్చుండుడి. బిడ్డల నోటుపుస్తకములు తెప్పించి, మొదటి పుటలను మాత్రమే గాక చివరి పుటలను కూడ చూడుడి. బిడ్డ ఇప్పటికే ఏమి చేయుచున్నదో, ఏది చేయగోరి ఆగిపోయినదో ఆమెనే చెప్పనియ్యుడి. తరువాత ఇంటి లెక్కను ఆమె ఎదుటనే విప్పుడి. ఆ రెండు కాగితములు ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు, కొనవలసినది ఏదో, ఇప్పుడే కొనవలెనో ఆగవలెనో చాలవరకు తేటపడును. మీ నిర్ణయములో న్యాయమును, మీ యింటిలో సమాధానమును ఉండునట్లు ప్రార్థించుచున్నాము.